ఉగ్రాణం తాళంచెవి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
(కోనసీమలో ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు, సభలు, ఊరి ఉత్సవాలు నిర్వహిస్తున్న మా శీర్షిక రచయిత్రి ఈసారి తన వృత్తి గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: అమ్మా, నమస్కారం. బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. చరిత్ర, రాజనీతిశాస్త్రం, తెలుగు నా సబ్జెక్టులు. కాలేజీలో మాతృభాషా దినోత్సవం అయినా వీడ్కోలు సభ అయినా పనంతా నా మీదే పడుతుంది. నాకూ అదే ఇష్టం. ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లోకి వెళతానంటే ఇంట్లో నవ్వుతున్నారు. ‘బి.ఏ. చదివి పందిళ్ళు వేస్తావా? బి.ఎడ్. చేసి డీఎస్సీ రాయి’ అంటున్నారు. నా డిగ్రీ ఈ పనికి ఏమైనా ఉపయోగపడుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: పందిళ్ళు వేస్తావా అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోకమ్మా. నేనూ వేశాను. 1997లో రాజమండ్రిలో బి.ఏ. ముగించుకుని ఇంటికి వచ్చినప్పుడు మా నాన్నగారూ దాదాపు ఇదే అన్నారు. అప్పటికి ఈవెంట్ మేనేజ్‌మెంట్ అనే మాట మా ఊరిదాకా రాలేదు కనుక ‘ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ వెంట తిరుగుతావా’ అన్నారు. కొన్నాళ్ళు ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. అక్కడ కూడా నాకు గుర్తున్నవి పాఠాలు కావు, వార్షికోత్సవాలే.

ఉగ్రాణం అంటే ఏమిటో మీ అమ్మమ్మను అడుగు. పెళ్ళింట్లో బియ్యం బస్తాలు, నెయ్యి డబ్బాలు, బెల్లం దిమ్మలు, విస్తరాకుల కట్టలు పెట్టి తాళం వేసే గది. ఆ తాళంచెవి ఒక మనిషి మొలలో ఉండేది. పెళ్ళికూతురి తండ్రి దగ్గర కాదు, ఆయనకు ఆ రోజు ఒళ్ళూ పై తెలియదు. ఒక మేనమామో, అందరి మాటా విని చివరికి తన మాటే నెగ్గించుకునే ఒక బాబాయో ఉండేవాడు. వంటవాడికి నెయ్యి కావాలంటే ఆయన దగ్గరికే రావాలి. రెండో బంతికి ఎంతమంది కూర్చున్నారో, విడిదింటికి కాఫీ ఎప్పుడు వెళ్ళిందో, అలిగిన మగపెళ్ళివారి పెద్దాయన ఏ అరుగు మీద కూర్చున్నాడో ఆయనకు తెలుసు. పెళ్ళి ఆల్బమ్‌లో మాత్రం ఆయన కనిపించడు. నువ్వు చేస్తానంటున్న ఉద్యోగం అదే. ఇప్పుడు దానికి డబ్బు ఇస్తున్నారు, అంతే తేడా. వేదిక మీద పూలు, పొగలు, రంగు దీపాలు ఎవరైనా పెడతారు. తాళంచెవి పట్టుకోవడానికే మనిషి దొరకదు.

దీన్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు, ఒక రాత్రి చెమటలు పట్టి నేర్చుకున్నాను. 2006లో ముక్తేశ్వరం దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళి, సొంతంగా ఒప్పుకున్న రెండోదో మూడోదో. సుముహూర్తం రాత్రి పదకొండు దాటాక. మేళం గోదావరికి అవతల, రామచంద్రపురం వైపు నుంచి రావాలి. కోటిపల్లి రేవులో పంటు (మనుషులనూ బళ్ళనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే పెళ్ళింటికి ఎంతో దూరం లేదు. కానీ వాళ్ళు అదే పగలు ఇంకో శుభకార్యం ఒప్పుకున్నారని నాకు తెలియదు. రేవుకు చేరేసరికి చీకటి పడి పంటు ఆగిపోయింది. ఇక ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. పదిన్నరకు ఫోను చేస్తే యానాంలో వాను టైరు మారుస్తున్నామన్నారు. నా చేతిలో కాగితం ఉంది. అందులో ‘మేళం – సాయంత్రం 6’ అని రాసి, పక్కన టిక్కు కూడా ఉంది. బయల్దేరామని పొద్దున వాళ్ళు ఫోనులో చెప్పగానే పెట్టిన టిక్కు అది.

నన్ను గట్టెక్కించింది పెళ్ళికూతురి చిన్న మేనమామ. ఉగ్రాణం ముందు మడత కుర్చీలో కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తున్నాడు. విషయం చెబితే తల ఎత్తకుండానే, ‘రామాలయం వెనక వీధిలో ముసలాయన ఉన్నాడు. సన్నాయి మానేసి నాలుగేళ్ళయింది. కొడుకు డోలు వాయిస్తాడు. సైకిలు పంపించు’ అన్నాడు. పావుగంటలో ఆ ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుడ్డలో చుట్టిన సన్నాయి విప్పాడు. సన్నాయి కొసన ఊదే పీకను పెదవుల మధ్య పెట్టుకుని తడుపుతూ కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. అవతల పురోహితుడు తెర పట్టమంటున్నాడు, ఇవతల ఈయన పీక తడుపుతున్నాడు. గట్టిమేళం అన్నప్పుడు మాత్రం క్షణం ఆలస్యం కాలేదు. అసలు మేళం అర్ధరాత్రి దాటాక వచ్చి, భోజనం చేసి, మిగిలిన డబ్బు కోసం నాతో తగువు పెట్టుకుంది. అది వేరే కథ.

అప్పటినుంచి నా కాగితంలో నాలుగు గళ్ళు ఉంటాయి: ఎన్ని గంటలకు, ఏ పని, ఎవరు, ఆ మనిషి రాకపోతే ఇంకెవరు. నాలుగో గడి ఖాళీగా ఉన్న రాత్రి నాకు నిద్ర పట్టదు. కంటితో చూస్తే తప్ప టిక్కు పెట్టను. ఇంకో సంగతి, కాగితం పొద్దుటి నుంచి కిందికి రాయకూడదు, ముహూర్తం నుంచి వెనక్కి రాయాలి. జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం పైన రాసుకో. దానికి ముందు పెళ్ళికూతురిని మేనమామ బుట్టలో తీసుకురావాలి, దానికి ముందు గౌరీపూజ, దానికి ముందు అలంకరణ. అలంకరణ చేసే అమ్మాయి గంటన్నర అంటే రెండున్నర గంటలు వేసుకో. ఇలా వెనక్కి పోతే ఆమె కారు ఏ ఊరి నుంచి ఎప్పుడు బయల్దేరాలో తేలుతుంది. మన కాలువగట్టు రోడ్ల మీద వరికోత యంత్రం ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఆ సమయం కూడా కలుపుకో.

ఇక నీ డిగ్రీ సంగతి. ఆడపెళ్ళివారిని అతిథులు ఎంతమంది అంటే ‘ఆరువందలు’ అంటారు. మగపెళ్ళివారు ‘మావైపు నూటయాభై మించరు’ అంటారు. రెండూ నమ్మకూడదు. చరిత్ర పాఠంలో రెండు ఆధారాలు కలవకపోతే మూడోది వెతకమని చెప్పలేదూ? ఆ మూడోది శుభలేఖలు అచ్చువేసిన ప్రెస్సులో ఉంటుంది. ఇంట్లో ఆరువందలన్నవాళ్ళు అక్కడ వెయ్యి కార్డులు వేయించి ఉంటారు. ఆ కుటుంబంలో కిందటి పెళ్ళికి ఎన్ని విస్తళ్ళు వేశారో అడుగు. అదే రోజు ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉందేమో, ఆదివారమేమో చూడు. ఈ నాలుగూ కలిపి నేను చెప్పిన లెక్క యాభై అటూ ఇటూగా సరిపోతుంది. మా క్యాటరింగ్ ఆయన దీన్ని నా చేతి మహిమ అంటాడు. కాదు, నాకు చరిత్ర చెప్పిన మాస్టారి చలవ.

తెలుగు చదివావు కనుక నీ చేతి మీదుగా పోయే శుభలేఖలో ‘జ్యేష్ఠ’ సరిగ్గా పడుతుంది, ఫ్లెక్సీలో ‘హార్దిక శుభాకాంక్షలు’ హార్ధిక కాకుండా ఉంటుంది. నవ్వకు. ముప్పై అడుగుల బోర్డు మీద అచ్చుతప్పు ఊరంతటికీ కనిపిస్తుంది. ముఖ్య అతిథిని నాలుగు వాక్యాల్లో పరిచయం చేయగలిగిన వ్యాఖ్యాత దొరకడం ఇప్పుడు బంగారమే. రాజనీతిశాస్త్రం సర్పంచి, మండలాధ్యక్షుడు, శాసనసభ్యుడు ఒకే వేదిక మీదికి వచ్చిన రోజున అక్కరకొస్తుంది. ఎవరి పేరు ముందు పిలవాలో ఆ క్షణంలో ఆలోచించేవాడు ఈ పనికి పనికిరాడు.

నీ సబ్జెక్టుల్లో లేని ఆర్థికశాస్త్రం గురించి నేను చెబుతాను, కొంచెం ఓపికగా విను. పెళ్ళివారి దగ్గర మొత్తం డబ్బు నువ్వే తీసుకుని క్యాటరింగ్‌కు, అలంకరణకు, లైట్లకు నువ్వే చెల్లిస్తే అదంతా నీ వ్యాపారం కిందే లెక్క. సేవలు అందించేవాళ్ళకు ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, మన పనికి పన్ను 18 శాతం. నాలుగు పెళ్ళిళ్ళు మొత్తంగా ఒప్పుకుంటే ఆ గీత దాటిపోతావు, నీకు మిగిలింది మాత్రం చేతి ఖర్చుకు సరిపోయేంతే. అందుకని మొదటి రెండు మూడేళ్ళు క్యాటరింగ్ వాళ్ళకు, డెకరేషన్ వాళ్ళకు పెళ్ళివారినే నేరుగా ఇమ్మను. నువ్వు నీ పర్యవేక్షణ రుసుము ఒక్కటే తీసుకో. డెకరేషన్ వాళ్ళ దగ్గర చాటుగా కమీషన్ తీసుకోకు. మన డెల్టాలో అందరూ అందరికీ చుట్టాలే, వారం తిరిగేసరికి పెళ్ళివారికి తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మంచి క్యాటరింగ్ బృందంతో ఒక మాఘమాసం, ఒక వైశాఖం తిరుగు. కూలి ఎంతని అడగకు. నాకు మొదట్లో రోజుకు మూడువందలు ఇచ్చారు, అదీ ఆలస్యంగా. అక్కడ నేర్చుకోవలసింది ప్లేట్ల లెక్క. బఫేకు ప్లేటుకు ఇంత అని బేరం కుదురుతుంది. కనుక మొదలుపెట్టే ముందు పెళ్ళివారి మనిషి ఎదుట కట్టలు లెక్కపెట్టి ఇవ్వాలి, చివర మిగిలినవి లెక్కపెట్టుకోవాలి. మధ్యలో పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం తీసిన ప్లేట్లు, మేళంవాళ్ళ ప్లేట్లు, డ్రైవర్ల ప్లేట్లు ఏ ఖాతాలోకి పోతాయో ముందే మాట్లాడకపోతే తెల్లవారుజామున రెండింటికి నిద్రమొహాలతో గొడవ. ఒక పెళ్ళిలో నలభై ప్లేట్ల తేడా కోసం ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకున్నారు. మధ్యలో నేను.

తరవాత అలంకరణ వాళ్ళతో కడియపులంక పూల మార్కెట్‌కు తెల్లవారకముందే ఒకసారి వెళ్ళు. పెళ్ళిళ్ళ రోజున బంతిపూల ధరకూ మామూలు రోజు ధరకూ ఉన్న తేడా కళ్ళతో చూస్తే పూల అంచనా ఎలా వేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. వైశాఖంలో ఇంకో చిక్కు ఉంది. కాలువలు కట్టేసి ఉంటాయి, చెరువుల్లో నీళ్ళు అడుగంటుతాయి. పల్లెలో వెయ్యి మంది భోజనాలంటే నీళ్ళ ట్యాంకరు ముందు చెప్పుకోవాలి. పూలు తగ్గితే ఎవరూ గమనించరు. చేతులు కడుక్కునే నీళ్ళు తగ్గితే మూడు జిల్లాలు చెప్పుకుంటాయి.

ఏడాది పొడుగునా పని ఉండదు. ఆషాఢం, పుష్యం, భాద్రపదం వట్టివే. మూఢం వస్తే నెలలకు నెలలు ముహూర్తాలు ఉండవు. పంచాంగం రాగానే ముందు మూఢాలు ఎర్ర సిరాతో గీసుకుంటాను. అయితే పెళ్ళిళ్ళు లేని పుష్యంలోనే సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు, అమెరికా పిల్లలంతా ఊళ్ళకు వస్తారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు ఆ నాలుగు రోజుల్లోనే. నీలాంటి అమ్మాయి మొదటి సొంత పనికి అవి చాలా మంచివి. పప్పులో ఉప్పు తక్కువైనా పాత స్నేహితులు పట్టించుకోరు.

రాత్రి ముహూర్తాల పని కనుక ఇల్లు చేర్చే బండి ఎవరిదో ఒప్పుకునేటప్పుడే అడుగు. మొహమాటపడకు. నేను ఇప్పటికీ అడుగుతాను. బి.ఎడ్. మీద ఇంట్లో యుద్ధం వద్దు. ప్రవేశ పరీక్ష ఏటా ఉంటుంది. రెండు సీజన్లు తిరిగి చూస్తానని గడువు అడుగు.

ప్రశ్న: ఆర్థికశాస్త్రంతో బి.ఏ. చేశాను. హైదరాబాదులో ఒక సంస్థ ఏడాది ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిప్లొమాకు లక్షకు పైగా అడుగుతోంది. నాన్న పొలం మీద అప్పు తెస్తానంటున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: పొలం మీద అప్పు తెచ్చి మాత్రం వద్దు బాబూ. కోర్సులు పనికిరావని నేను అనను. కంపెనీల సదస్సులు, వస్తు ప్రదర్శనలు, పెద్ద సంగీత కచేరీలు చేయాలనుకుంటే హైదరాబాదు, విశాఖలకు వెళ్ళక తప్పదు, అక్కడ ఆ పరిచయాలు కోర్సు వల్లే దొరకవచ్చు. మన దగ్గర పెళ్ళిళ్ళకు, సభలకు ఎవరూ సర్టిఫికెట్ అడగరు. డబ్బు కట్టే ముందు ఆ సంస్థకు వెళ్ళి కిందటి ఏడాది చదివినవాళ్ళతో ఫోనులో మాట్లాడించమను. ఏడాదిలో ఎన్ని అసలు కార్యక్రమాల్లో పని చేయిస్తారో, అక్కడ కుర్చీలు మోయిస్తారా లేక పట్టిక రాయిస్తారా అని అడుగు. జనరేటర్ ఎన్ని కేవీఏ (దాని సామర్థ్యం కొలత) కావాలో లైట్లు, ఏసీలు కలిపి లెక్క కట్టడం నేర్పుతారా? పాటల హక్కుల గురించి చెబుతారా? 1957 నాటి కాపీరైట్ చట్టం పెళ్ళి ఊరేగింపుకూ పెళ్ళికి సంబంధించిన వేడుకలకూ మినహాయింపు ఇచ్చింది. కంపెనీ వార్షికోత్సవంలో సినిమా పాట వేస్తే మాత్రం లైసెన్సు కావాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మూసిన హాల్లో తప్ప లౌడ్‌స్పీకర్ మోగకూడదు. వీటికి వాళ్ళు తడుముకుంటే తిరిగి బస్సెక్కు.

జనాన్ని అదుపు చేయడం గురించి ఆ కోర్సులో ఒక పాఠం తప్పకుండా ఉంటుంది. అది చదివే ముందు కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకు వెళ్ళు. పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే శివుళ్ళు, ప్రభల మీద వస్తారు. ప్రభ అంటే వెదుళ్ళతో కట్టి, గుడ్డలతో అలంకరించి, భుజాల మీద మోసే ఎత్తైన కట్టడం. ఆ తోటలో గుడి లేదు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ నీళ్ళలో దిగి దాటుతుంటే గట్ల మీద వేలమంది. వరిచేల మధ్య నుంచి మోసుకొస్తారు, చేను తొక్కారని ఏ రైతూ అడగడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. శకటం సంగతి అలా ఉంచి, మోసేవాళ్ళ భుజాలు మారే చోటు చూడు. ప్రభ కిందికి దించకుండా, ఆగకుండా, ఒక మనిషి పక్కకు జరిగి ఇంకో మనిషి దూరతాడు. ‘ఓం శరభ’ అని అరుస్తున్న ఆ హోరులో ఎవరు ఎవరికి సైగ చేశారో కనిపెట్టు. నాకు మూడేళ్ళు పట్టింది. మోసేవాళ్ళలో కాదు, ప్రభకు కట్టిన తాళ్ళు పట్టుకున్నవాళ్ళలో ఉంటాడు ఆ మనిషి.

జనం గురించి నేను నేర్చుకున్న రెండో పాఠం చెప్పడం కష్టం. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి ఉదయం, నేను రాజమండ్రిలోనే మా అత్తగారితో ఇంకో రేవులో ఉన్నాను. పుష్కరాల రేవు తొక్కిసలాటలో 25 మందికి పైగా పోయారు. మాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. అప్పటినుంచి ఎంత చిన్న కార్యక్రమమైనా, లోపలికి వచ్చే దారిలోంచే జనం బయటికి పోవలసిన హాలు అయితే నేను ఒప్పుకోను. దానివల్ల మంచి బేరాలు పోయాయి. మళ్ళీ 2027లో పుష్కరాలు. ఆ పన్నెండు రోజులూ సేవకులు కావలసి వస్తుంది. లక్ష ఖర్చు లేకుండా నేర్చుకోవాలంటే ఏదైనా రేవులో నీళ్ళ సీసాలు పంచే పనికైనా పేరు ఇచ్చి, జనం ఎటు నుంచి ఎటు కదులుతున్నారో చూస్తూ ఉండు.

ప్రశ్న: మా అబ్బాయి తెలుగు ఎం.ఏ. చేసి మూడేళ్ళుగా ఈవెంట్ల పని చేస్తున్నాడు. సంపాదన బాగానే ఉంది. పెళ్ళి సంబంధాలవాళ్ళు ఉద్యోగం ఏమిటని అడిగితే ఏమి చెప్పాలో తెలియడం లేదు. ‘పెళ్ళిళ్ళు చేయిస్తాడు’ అంటే పౌరోహిత్యమా అంటున్నారు.
– ఒక తండ్రి, రాజోలు

జవాబు: అయ్యా, పౌరోహిత్యం అనుకున్నా నష్టమేమీ లేదు, దానికీ ఇప్పుడు మంచి గిరాకీ. కానీ సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళకు ఉద్యోగం పేరు చెప్పకండి. మీ అబ్బాయి చేసిన ఒక పెళ్ళి పేరు చెప్పండి. ఫలానావారి అమ్మాయి పెళ్ళి అనండి. ఆ పెళ్ళికి వాళ్ళూ వెళ్ళే ఉంటారు. గోదావరి జిల్లాల్లో వెళ్ళని పెళ్ళి ఉంటుందా. ‘వాన పడినా భోజనాలు ఆగలేదు కదూ, అది మావాడే’ అనండి. జీఎస్టీ రిటర్నులు ఉంటే అవి కూడా చూపించండి, ఆడపిల్ల తండ్రికి అంతకంటే ధైర్యం ఇచ్చే కాగితం లేదు. ఆషాఢంలో, మూఢంలో రాబడి ఉండదని మాత్రం దాచకండి.

సంబంధం కుదిరాక ఒక జాగ్రత్త. ఆ పెళ్ళి పనులేవీ మీ అబ్బాయికి అప్పజెప్పకండి, ఫోను తీసుకుని దాచేయండి. మా తమ్ముడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. వాడి పెళ్ళిలో తలంబ్రాల దోసిలి పైకెత్తి, పెళ్ళికూతురి తల మీదుగా చూస్తూ, హాలు చివర ఉన్న క్యాటరింగ్ కుర్రాడికి ‘మజ్జిగ, మజ్జిగ’ అని పెదవులతో సైగ చేశాడు. ఈలోపు మా మరదలు రెండు దోసిళ్ళు పోసేసింది. ఆ వీడియో ఇప్పటికీ సంక్రాంతికి అందరూ కూడినప్పుడు పెట్టుకుని చూస్తాం.